భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న నాతోటి పట్టాదారులకు

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

నేను హన్మకొండలో ఉంటాను. సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. మాది మహబూబాబాద్ జిల్లాలో వాగు ఒడ్డునున్న ఒక ఊరు. బాపు పోయాక ఆయన పేరు మీదున్న మూడెకరాల ఇరవై గుంటలు నా పేరు మీదికి వచ్చింది. పాసుబుక్కు నా బీరువాలో ఉంది. చేను ఎప్పుడు దున్నారు, గింజ ఏ రోజు పెట్టారు, మొలక ఎట్లా వచ్చింది అన్నవి మాత్రం ఫోన్ చేసి అడిగితే తప్ప నాకు తెలియవు. మీలో చాలామంది సంగతీ ఇంతే. హైదరాబాద్‌లో, వరంగల్‌లో, ఖమ్మంలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. కొందరు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. ఊళ్లో భూమి మాత్రం మన పేరు మీదే ఉంది. అందుకే ఈ ఉత్తరం మంత్రికో కలెక్టరుకో రాయకుండా మీకే రాస్తున్నాను.

చెప్పదలుచుకున్నది ఒక్క మాట. పంట పెట్టుబడికని సర్కారు ఎకరాల లెక్కన మన ఖాతాలో వేస్తున్న రైతుభరోసా డబ్బు మనది కాదు. ఉత్తర్వుల ప్రకారం మనమే అర్హులం, మన పేరు మీదే వస్తోంది, ఎవరూ తప్పు పట్టరు. అయినా మనది కాదు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడిన ఫొటో దేశమంతా చూసింది. తెల్లారేసరికి మా వాగు గట్లు దాటి చేలల్లోకి వచ్చింది. మా భూమి చేసే తమ్ముడు, పేరు ఇక్కడ రాయడం లేదు, పక్క తండా మనిషి. పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. "అక్కా, చేను లేదక్కా" అన్నాడు. నీళ్లు నిలిచాయేమో, రెండు రోజుల్లో తీస్తాయిలే అన్నాను. "నీళ్లు కాదక్కా, చేనే లేదు" అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం వెళ్లి చూశాను. పూత మీదున్న పత్తి రెండున్నర ఎకరాల మేర నేలకు అతుక్కుపోయి ఉంది. వాగు వైపు ఇసుక మేటలు వేసింది. గెట్టు ఎక్కడుందో కాళ్లతో తడుముకోవాల్సి వచ్చింది. జూన్‌లో ఎకరాకు రెండు ప్యాకెట్ల విత్తనం, ప్యాకెట్ 864 రూపాయలు. మొలక రాక ఒకసారి మళ్లీ పెట్టాడు. రెండు దఫాల ఎరువు, మూడుసార్లు మందు, కలుపు కూలీలు. అంతా ఎరువుల దుకాణంలో ఉద్దెర, నూటికి రెండు రూపాయల మిత్తి. పంట తెచ్చి ఆ దుకాణంలోనే కాంటా పెట్టాలి, వాళ్లు చెప్పిందే ధర. ఆయన భార్య గట్టు మీద కూర్చుని ఏడవలేదు, తిట్టలేదు. మొక్కను పీకి వేరు చూసింది, పక్కన పెట్టింది, ఇంకోటి పీకింది. నన్ను చూసి "చాయ్ తాగినవా అక్కా" అని అడిగింది.

పంట నష్టం రాసుకోవడానికి ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, వచ్చాడు. ఎకరాకు పది వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పిల్లవాడు మంచివాడే. కానీ ఆయన చేతిలో ఉన్న జాబితాలో సర్వే నంబరు ఎదురుగా ఉన్నది నా పేరు, నా ఖాతా నంబరు. దున్నినవాడి పేరు రాయడానికి ఆధారం అడిగాడు. ఏ కాగితమూ లేదు, మాది నోటిమాట కౌలు. కొన్ని వారాలకు నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఇరవై ఐదు వేలు జమ. నేను ఒక్క గింజ పెట్టలేదు, ఒక్క మొక్క పోగొట్టుకోలేదు. పంట నష్టపోయిన రైతుగా సర్కారు నాకు సాయం చేసింది.

ఆ డబ్బు ఆయనకు పంపాను. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఆ పొలం చూసి వచ్చాక ఉంచుకోవడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ రాత్రి బ్యాంకు పాసుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. భూమి నా పేరు మీదికి వచ్చాక 2021 వానాకాలం నుంచి ఆరు సీజన్ల రైతుబంధు (రైతుభరోసా పాత పేరు) పడింది. సీజనుకు పదిహేడు వేల ఐదువందలు. మొత్తం లక్షా ఐదు వేలు. దాంట్లోంచి ఒక్క రూపాయి ఆ చేలోకి పోలేదు. ఒక సీజను డబ్బు పాప కోచింగ్ ఫీజుకు కట్టాను, ఒకటి ఫ్రిజ్‌కు పోయింది, మిగతావి ఎటు పోయాయో గుర్తు కూడా లేదు. అదే కాలంలో ఆయన నాకు కౌలు కట్టాడు, మొదట ఎకరాకు పది వేలు, తర్వాత పన్నెండు. అది మాత్రం ఏ ఏడు ఏ తారీఖున ఇచ్చాడో నాకు గుర్తుంది.

మీరూ ఒకసారి మీ పాసుబుక్కు తీయండి.

ఈ పథకం పుట్టినప్పుడు బాపు ఉన్నాడు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలుపెట్టారు, ఆ వారంలోనే మా ఊళ్లో కూడా గ్రామసభ పెట్టి కొత్త పాసుబుక్కులు, చెక్కులు పంచారు. ఎకరాకు నాలుగు వేల చొప్పున బాపుకు పద్నాలుగు వేల చెక్కు వచ్చింది. బ్యాంకులో మార్చుకుని ఇంటికి కూడా రాకుండా నేరుగా సొసైటీకి వెళ్లి డీఏపీ బస్తాలు, విత్తనాలు తెచ్చాడు. ఆ ఏడు సేటు దగ్గరికి పోలేదు. నలభై ఏళ్ల వ్యవసాయంలో మృగశిర ముందు చేతిలో సొంత పైసలుండటం అదే మొదటిసారి అన్నాడు. దీని అసలు పేరు వ్యవసాయ పెట్టుబడి సాయం. ఆ పేరు పెట్టినవాళ్లు తెలిసే పెట్టారు. విత్తనం వేసే ముందు రైతు అప్పుల పాలు కాకుండా చూడటం దాని పని. బాపు విషయంలో ఆ పని చేసింది. బాపు పోయి అదే భూమి నా చేతికి వచ్చేసరికి డబ్బు దారి తప్పింది. భూమి అదే, పత్తి అదే, అప్పు అదే. సాయం మాత్రం హన్మకొండకు వస్తోంది.

2019 నుంచి ఎకరాకు సీజనుకు అయిదు వేలు చేశారు. 2025 జనవరి 26న రైతుభరోసా అని పేరు మార్చి ఆరు వేలు చేశారు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, డబ్బు పెరిగింది. అందుకునే ఖాతా మాత్రం మారలేదు. 2023 సెప్టెంబరులో తుక్కుగూడ సభలో గ్యారంటీలు ప్రకటించినప్పుడు కౌలు రైతులకూ ఇస్తామన్నారు, ఎకరాకు ఏడాదికి పదిహేను వేలు. 2024లో ఉప ముఖ్యమంత్రి నాయకత్వంలో మంత్రివర్గ ఉపసంఘం జిల్లాలు తిరిగి అభిప్రాయాలు తీసుకుంది. 2025 జనవరిలో మార్గదర్శకాలు వచ్చేసరికి పాత పద్ధతే. రికార్డులో ఎవరి పేరు మీద సాగు యోగ్యమైన భూమి ఉంటే వాళ్లకే. అంతకుముందున్న ప్రభుత్వమైతే కౌలు అనేది భూమి ఉన్నవాడికీ చేసేవాడికీ మధ్య విషయం, మాకు సంబంధం లేదని తేల్చేసింది. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు తొమ్మిది వేల కోట్లు ఖాతాల్లో వేశారు. అంత వేగంగా డబ్బు వేయగలిగిన యంత్రాంగానికి ఏ సర్వే నంబరులో ఎవరు దున్నుతున్నారో కనుక్కోవడం చేతకాదంటే నేను నమ్మను. ఆ పోరాటం చేసేవాళ్లు చేస్తున్నారు, చేయాలి. కానీ సర్కారు కదిలేదాకా మనం చేతులు కట్టుకుని, వచ్చింది వచ్చినట్టు జేబులో వేసుకోవాలని ఏమీ లేదు కదా.

ఇంకో మాట. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌లో నాకు రూపాయి రాదు. ప్రభుత్వ ఉద్యోగులను, ఆదాయ పన్ను కట్టేవాళ్లను దాంట్లో పక్కన పెట్టారు. అంటే ఢిల్లీ లెక్కలో నేను సాయం అవసరమైన రైతును కాదు. హైదరాబాద్ లెక్కలో అవసరమైన రైతును. ఈ రెండు లెక్కల్లోనూ లేనిది ఎవరంటే ఆ తండా తమ్ముడే. పీఎం కిసాన్‌కూ సొంత భూమి కాగితం కావాలి.

ఆయన లాంటివాళ్లు ఎంతమంది? రైతు స్వరాజ్య వేదిక 2022లో ఇరవై ఊళ్లు తిరిగి 7,744 మంది రైతులను కలిస్తే అందులో 2,753 మంది కౌలుకు చేస్తున్నవాళ్లే. నూటికి ముప్పై ఆరుమంది. మీ ఊళ్లో మీరే లెక్క పెట్టి చూడండి, ఇంతకన్నా తక్కువ ఉండరు. చాలామందికి ఎకరమో అరెకరమో సొంతం ఉంటుంది, దానికి నాలుగైదు ఎకరాలు కౌలుకు కలుపుకుంటారు. ఆ అరెకరం ఉన్నందుకే భూమి లేని కూలీలకు ఇస్తామన్న ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు కూడా వాళ్లు పనికిరారు. వ్యవసాయ భూమి అసలే లేకుండా, ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పని చేసి ఉంటేనే అది వర్తిస్తుంది. పొద్దస్తమానం కౌలు చేలో ఉండేవాడు ఉపాధి పనికి ఎప్పుడు పోతాడు?

పాసుబుక్కు లేకపోతే ఏమేం పోతాయో మనకు తెలియదు, ఎందుకంటే మనకు ఉంది కాబట్టి. బ్యాంకు పంట రుణం రాదు. రుణం లేదు కాబట్టి 2024లో రెండు లక్షల దాకా మాఫీ చేసినప్పుడు మాఫీ కావడానికి ఆయన పేరు మీద అప్పే లేదు. ఉన్న అప్పంతా సేటు పద్దులో ఉంది, దాన్ని మాఫీ చేసేవాళ్లు లేరు. రాష్ట్రం 2020లో కేంద్ర పంటల బీమా నుంచి బయటికొచ్చింది కాబట్టి 2024 వరదకు పంట బీమా ఎవరికీ లేదు. సన్న వడ్లకు క్వింటాలుకు ఇచ్చే అయిదు వందల బోనస్ పట్టాదారు పేరు మీద వడ్లు అమ్మితే పట్టాదారు ఖాతాకే పోతుంది. 2025 వానాకాలంలో మా జిల్లాలో యూరియా కోసం సొసైటీల ముందు తెల్లవారుజాము నుంచే చెప్పులు వరుసలో పెట్టారు. ఆ రోజుల్లో ఒకసారి పొద్దున అయిదున్నరకు నాకు ఫోన్ వచ్చింది. "అక్కా, నీ పాసుబుక్కు జిరాక్స్ వాట్సాప్‌ల పెట్టవా, ఇక్కడ అడుగుతున్నరు." రెండు బస్తాల యూరియా కొనుక్కోవడానికి, అదీ సొంత పైసలతో, ఒక రైతు హన్మకొండలో నిద్రపోతున్న టీచర్‌ను లేపాల్సి వచ్చింది.

రైతుబీమా సంగతి రాయాలంటేనే చేయి ఆగుతోంది. 2018 ఆగస్టు 15 నుంచి ఉంది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు పట్టాదారు ఎవరైనా, ఏ కారణంతోనైనా చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు. మంచి పథకం, మా ఊళ్లోనే ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో చూశాను. కానీ మన చేలో పాము కరిచో, మోటారు దగ్గర కరెంటు కొట్టో, మందు కొడుతూ పడిపోయో ఆ మనిషి పోతే ఆ ఇంటికి బీమా లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ఆరు లక్షలు ఇవ్వాలని 2015లో 194 నంబరు జీవో ఉంది. దానికి కూడా ఆయన రైతే అని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే మాట ఎక్కడి నుంచి రావాలి? మన దగ్గరి నుంచి. ఎమ్మార్వో వచ్చి ఈయన మీ భూమి చేసేవాడా అని అడిగితే, మన ఊళ్లలో ఎంతమంది పట్టాదారులు అవునని సంతకం పెట్టారు? నాకు తెలిసిన ఒక ఇంట్లో పెట్టలేదు. రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని భయపడ్డారు. చనిపోయినవాడి భార్య మీద భయపడ్డారు.

ఈ భయం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే అన్నిటికీ మూలం అదే.

మన పెద్దల భయానికి కారణం లేకపోలేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. ఆ తర్వాత ఆ చట్టంలోని 38-ఈ సెక్షన్ కింద కొందరు ఆ భూములకు యజమానులే అయ్యారు. అప్పుడు అది న్యాయమే, దున్నేవాడికి భూమి దక్కాలనే ఆ చట్టం పుట్టింది. కానీ ఆ మాటలు విని పెరిగిన మన తాతలు, తండ్రులు కౌలును కాగితం మీద పెట్టడం మానేశారు. ఏటా మనిషిని మార్చారు. ఊరి భూమి రికార్డైన పహాణీలో అనుభవదారు (భూమి చేసేవాడు) కాలమ్‌లో ఇంకొకరి పేరు పడకుండా పట్వారీని చూసుకున్నారు. 2020లో భూ రికార్డులకు ధరణి వెబ్‌సైట్ వచ్చాక ఆ కాలమే పోయింది. మనం హమ్మయ్య అనుకున్నాం.

ఇప్పుడు అడుగుతున్నది ఆ రక్షిత కౌలు కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద ఇచ్చే కార్డు ఏడాదికే చెల్లుతుంది. రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి పనికొస్తుంది. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. తెలంగాణలో ఆ చట్టాన్ని రద్దు చేయలేదు, అటక మీద పెట్టారు. దాన్ని దింపమని మనం అడిగితే వినే బలం మనకుంది. కౌలు రైతు అడిగితే వినరు, పట్టాదారు అడిగితే వింటారు. అది అన్యాయమే, కానీ ఆ అన్యాయాన్ని ఈ ఒక్కసారి మంచికి వాడుకుందాం.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూస్తే మన వంతు ఎంతో తెలుస్తుంది. అక్కడ 2019లో కొత్త చట్టం తెచ్చారు, పదకొండు నెలలకు చెల్లే సాగుహక్కు పత్రం ఇస్తున్నారు. కౌలు రైతును పథకంలోకి తేవడానికి ఒక దారైతే వేశారు. కానీ ఆ పత్రం మీద భూ యజమాని సంతకం ఉండాలన్నారు. అక్కడే ఆగింది. గోదావరి జిల్లాల్లో సగానికి సగం భూమి కౌలులోనే నడుస్తుందని అందరికీ తెలుసు, సంతకం పెట్టే యజమానులు మాత్రం దొరకరు. బెంగాల్‌లో కృషక్ బంధు కింద నమోదైన బర్గాదారులకు, అంటే పంటలో పాలుకు చేసేవాళ్లకు, ఇస్తున్నారు. ఒడిశాలో కాలియా పథకం పెట్టినప్పుడు పాలుకు చేసేవాళ్లనూ చేర్చారు. అక్కడి ప్రభుత్వాలు తలుపు తీశాయి. తలుపు తీసినచోట కూడా గడపకు అడ్డంగా నిలబడేది మనలాంటివాళ్లమే అని ఆంధ్ర చెబుతోంది.

2025 జూన్‌లో నా ఖాతాలో ఇరవై ఒక్క వేలు పడ్డాయి. పడిన రోజే ఆయనకు పంపాను. అంతకుముందు యాసంగిది కూడా కలిపి ఇచ్చాను. లక్షా ఐదు వేలు తిరిగి ఇవ్వలేదు. అంత ఒక్కసారి నా దగ్గర లేదు, ఈ ఉత్తరంలో అది దాచి పెద్దమనిషిని కాలేను. దాని బదులు ఈ ఏడు కౌలు పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గించాను, ఆ లెక్క తీరేదాకా అంతే ఉంటుంది. ఆ జూన్‌లో ఆయన విత్తనం నగదుకు కొన్నాడు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 901 ఉంటే 901కే కొన్నాడు. ఉద్దెరకు అయితే ఆ రేటు ఉండదు. అక్టోబరు చివర మొంథా తుఫాను వాన మళ్లీ ఏరకుండా ఉన్న పత్తిని తడిపేసింది. నష్టం వచ్చింది. కానీ ఆ నష్టానికి మిత్తి తోడు కాలేదు.

ఊళ్లో మాట పడ్డాను. "నువ్వు ఇట్ల చేస్తే మా కౌలుదార్లు మమ్ముల అడుగుతరు" అని మా పెద్దనాన్న కొడుకు కోపం చేశాడు. అడగాలనే నా ఆశ కూడా అన్నా. "వాళ్లు వచ్చే ఏడు వేరేవాళ్ల భూమి పట్టుకుంటరు, నీ డబ్బు తిని పోతరు" అన్నారు ఇంకొకరు. పోతే పోనీయండి. వానాకాలం డబ్బు వానాకాలం చేసినవాడికి, యాసంగిది యాసంగి చేసినవాడికి. దాంట్లో చిక్కేముంది? "మాకు రైతుభరోసా వస్తోంది కాబట్టే కౌలు తక్కువ తీసుకుంటున్నం" అన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను ఒక్కటే అడిగాను, 2018కి ముందు మీ భూమికి కౌలు ఎంత, ఇప్పుడు ఎంత? మా ఊళ్లో అయితే పెరిగిందే కానీ తగ్గిన గెట్టు ఒక్కటీ లేదు. ఎకరాకు పన్నెండు వేల కౌలు, పన్నెండు వేల రైతుభరోసా. వాన పడినా పడకున్నా మనకు ఏటా రెండు కౌళ్లు వస్తున్నాయి, ఒకటి ఆయన దగ్గరి నుంచి, ఒకటి సర్కారు దగ్గరి నుంచి.

అందరు పట్టాదారులూ ఒకటి కాదు, అది మర్చిపోయి రాయడం లేదు. మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉంది. ఎకరం పది గుంటలు. కొడుకు లేడు, మోకాళ్లు లేవు, కౌలుకిస్తే వచ్చే పైసలు, రైతుభరోసా, పింఛను, ఇంతే ఆమె బతుకు. ఈ ఉత్తరం ఆమెకు కాదు. ఆమె పైసలు ఆమె దగ్గరే ఉండాలి, ఆమె భూమి చేసేవాడికి సర్కారు వేరుగా ఇవ్వాలి. నేను రాస్తున్నది నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లకు, షాపులూ ప్లాట్లూ ఉన్నవాళ్లకు, డాలర్లలో సంపాదించేవాళ్లకు, అమ్ముకోవడానికో పిల్లల పెళ్లికో భూమి ఉంచుకున్నవాళ్లకు. మనం ఎవరమో మనకు తెలుసు.

రైతుబంధు మొదలైనప్పుడు వద్దనుకున్నవాళ్లు వదులుకోవచ్చని గివ్ ఇట్ అప్ అని పెట్టారు, కొందరు నాయకులు తమ చెక్కులు వాపసు ఇచ్చి ఫొటోలు దిగారు. దాంతో ఆ డబ్బు ఖజానాకు పోయింది తప్ప చేలోకి రాలేదు. వదులుకోమని నేను అడగడం లేదు. తీసుకోండి, మెసేజ్ వచ్చిన రోజే ఆ సీజన్‌లో మీ భూమి చేస్తున్న మనిషి ఖాతాకు పంపండి. ఫోన్‌లో అరనిమిషం పని. ఇచ్చాం కదా అని కౌలు పెంచొద్దు, అట్లా పెంచితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకున్నట్టే. ఏఈవో పంటల నమోదుకు వచ్చే రోజుల్లో ఆయనకు మీరే ఫోన్ చేసి చేసేవాడి పేరు చెప్పండి. చేసేవాడు చెబితే ఆధారం అడుగుతారు, పట్టాదారు చెబితే రాసుకుంటారు. 2023 మార్చిలో వడగళ్ల వానకు మా వైపు మిర్చి, మక్క పడిపోయినప్పుడు సాయం కౌలు రైతుకే అందేలా చూస్తామని అప్పటి ముఖ్యమంత్రే వచ్చి చెప్పారు. కొన్ని ఊళ్లలో అందింది, పట్టాదారు ఒప్పుకున్నచోట అందింది.

చివరి పని, ఒక కాగితం. ఉగాది దగ్గరికొస్తోంది, మన దిక్కు కౌలు మాటలన్నీ ఆ రోజుల్లోనే జరుగుతాయి. నేను ఈసారి ఒట్టి నోటిమాటతో సరిపెట్టడం లేదు. వకీలు చేసే మా బడి పూర్వ విద్యార్థిని అడిగి రాయించుకున్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం చాలు. మీకు పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను. పేర్లు, నంబర్లు మీవి రాసుకోండి:

"ఫలానా ఊరి శివారు, సర్వే నంబరు ఫలానా, మూడు ఎకరాల ఇరవై గుంటల భూమికి పట్టాదారునైన నేను ఈ భూమిని ఉగాది నుంచి పదకొండు నెలలకు సాగు నిమిత్తం ఫలానా వారికి ఎకరాకు ఇన్ని రూపాయల కౌలుకు ఇచ్చాను. ఈ కాలంలో ఈ భూమిలో పంట వేసేది, పెట్టుబడి పెట్టేది వారే. ఈ భూమికి వచ్చే పెట్టుబడి సాయం, పంట నష్టపరిహారం, బోనస్ వారికి చెందవలసినవి. అవి నా ఖాతాలో జమైతే ఏడు రోజుల్లో వారికి చెల్లిస్తాను. పంట రుణానికి, ఎరువుల కొనుగోలుకు, పంట అమ్మకానికి ఈ పత్రాన్ని ఆధారంగా చూపుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ పత్రం వల్ల భూమి యాజమాన్యం మీద వారికి హక్కు రాదు. ఇరువురం చదువుకుని, సమ్మతించి, సాక్షుల ఎదుట సంతకాలు చేశాం."

ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. "ఆ ఏడు రోజులు వద్దక్కా, నువ్వు అదే రోజు పంపుతున్నవ్ కదా" అన్నాడు. ఉండనీ తమ్మీ, నా తర్వాత ఆ భూమి ఎవరి చేతికి పోతుందో అన్నాను. "అయితే సాక్షిగ మా అమ్మను పెడత, బాపుతోని ఎడ్లు పట్టింది గదా" అన్నాడు. ఉగాది రోజు పొద్దున బస్సుకు వెళ్తున్నాను.

ఇట్లు,
హన్మకొండ నుంచి మీలో ఒక పట్టాదారు